సెగగడ్డలు, మొండి స్టాఫ్, మామిడిపళ్ల మీద నింద

పోయిన నెల సెగగడ్డల మీద ఒక చిన్న జవాబు రాస్తూ చివర్లో "చీము కల్చర్‌కి పంపించండి, ఎం.ఆర్.ఎస్.ఏ. అయి ఉండొచ్చు" అని ఒక్క మాట అన్నాను (కల్చర్ అంటే చీములోని క్రిమిని ల్యాబులో పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష, ఎం.ఆర్.ఎస్.ఏ. అంటే చాలా మందులకు లొంగని స్టాఫ్ అనే క్రిమి). ఆ మాటకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. నెల్లూరు, కావలి, ఒంగోలు, చీమకుర్తి... కొందరైతే రిపోర్టు ఫొటో కూడా తీసి పంపారు. అందుకని ఈసారి బీపీలు, నడుము నొప్పులు పక్కన పెట్టి దీనికే కూర్చున్నాను. ఊరి పేర్లు వేస్తున్నాను, మనుషుల పేర్లు వేయట్లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి 67 ఏళ్లు. మోకాలి చిప్ప మార్పిడి ఆపరేషన్ కోసం చెన్నై తీసుకెళ్లాం. ముందు జాగ్రత్తగా ముక్కులో పుల్ల తిప్పి టెస్ట్ చేసి, ఎం.ఆర్.ఎస్.ఏ. ఉందని ఆపరేషన్ వాయిదా వేశారు. ఏదో ఆయింట్‌మెంటు, ఒంటికి లోషను రాసిచ్చారు. ఆయనకి జ్వరం లేదు, పుండు లేదు, మనిషి దుక్కలా ఉన్నారు. ఇంటికొచ్చాక మా అమ్మ ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టింది. మనవడిని దగ్గరికి పోనివ్వట్లేదు. మెడికల్ షాపతను పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ పది రోజులు వాడితే మొత్తం పోతుందంటున్నాడు. వాడమంటారా? — ఒక పాఠకుడు, కావలి

జవాబు: వద్దు. ఆ మాత్రలూ వద్దు, వేరు కంచమూ వద్దు. ముందు మనవణ్ణి తాత దగ్గరికి పంపించి, తర్వాత మిగతాది చదవండి.

స్టాఫ్ అంటే స్టఫైలోకాకస్. స్కాట్లాండుకు చెందిన ఆగ్‌స్టన్ అనే సర్జన్ 1880ల్లో చీమును మైక్రోస్కోపు కింద చూస్తే ఈ క్రిములు ద్రాక్షగుత్తుల్లా కనిపించాయి, అందుకే గ్రీకులో ద్రాక్షగుత్తి అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడు. పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో ఇది హాయిగా కాపురముంటుంది, వాళ్లకి ఆ సంగతే తెలీదు. రోజంతా ఓపీలో కూర్చునే నా ముక్కులోనూ ఉండొచ్చు. ఎం.ఆర్.ఎస్.ఏ. అన్నది ఆకాశం నుంచి ఊడిపడిన కొత్త క్రిమి కాదు, ఈ స్టాఫ్‌లోనే మెథిసిల్లిన్ అనే మందుకు లొంగని రకం. ఆ మందు 1960 ప్రాంతంలో వాడకంలోకి వస్తే 1961కల్లా ఇంగ్లండులో లొంగని రకం బయటపడింది. ఏడాది కూడా ఆగలేదు చూడండి.

ఒంటి మీద ఊరికే ఉండి ఏ హానీ చేయని స్థితిలో ఉన్న మనిషిని క్యారియర్ అంటాం. మీ నాన్నగారు క్యారియరే, జబ్బు మనిషి కాదు. ముక్కులో ఉన్నదానికి పొట్టలోకి మాత్రలు వేస్తే అది పోతుందన్న నమ్మకం లేదు. పైపెచ్చు ఇవాళ ఆ మందుకు లొంగుతున్నది రేపు లొంగకుండా పోతుంది, అప్పుడు నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే చేతిలో మందుండదు. షాపతనికి అమ్ముడుపోతే చాలు గానీ మీకు అలా కాదు కదా.

మరి ఆపరేషన్ ఎందుకు ఆపారంటే, చర్మం తెగకుండా ఉన్నంతకాలం ఈ క్రిమికి లోపలికి దారి లేదు, కత్తి పెట్టామంటే దారి మనమే వేసినట్టు. అందులోనూ కొత్త చిప్ప లోహం, ప్లాస్టిక్. దాని మీద స్టాఫ్ పట్టిందంటే వదిలించడం మహా కష్టం, ఒక్కోసారి పెట్టిన చిప్ప మళ్లీ తీసేయాల్సి వస్తుంది. కాబట్టి వాయిదా వేసినవాళ్లు మంచి పనే చేశారు. వాళ్లిచ్చింది మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంటు, క్లోర్‌హెక్సిడిన్ లోషను అయి ఉంటాయి. మామూలుగా 5 రోజుల కోర్సు. ఆయింట్‌మెంటు అగ్గిపుల్ల తల అంత తీసుకుని రెండు ముక్కుల్లోనూ రోజుకు రెండుసార్లు రాసి, ముక్కు రెక్కలు నొక్కి కాసేపు మర్దన చేయాలి. లోషను తడి ఒంటికి మెడ దగ్గర్నుంచి కిందికి, చంకలు, గజ్జలు, పిర్రల మధ్య మర్చిపోకుండా రాసి, రెండు నిమిషాలు ఆగి నీళ్లు పోసుకోవాలి, కళ్లలోకీ చెవుల్లోకీ పోనివ్వకండి. దాని మీద మళ్లీ మామూలు సబ్బు రుద్దితే లోషను పని చెడిపోతుంది. ఆ ఐదు రోజులూ తువ్వాలు, బట్టలు, దుప్పటి ఏ రోజుకారోజు ఉతికినవి వాడాలి. చాలామంది సగంలో వదిలేసేది ఇక్కడే, ఆయింట్‌మెంటు రాసుకుని పాత తువ్వాలుతో తుడుచుకుంటారు.

ఇలా చేశాక శాశ్వతంగా పోతుందా అంటే చెప్పలేం, కొన్ని వారాలకో నెలలకో తిరిగొచ్చేది ఎక్కువ. అందుకే కోర్సు ఆపరేషన్ తేదీకి దగ్గరగా పడేలా సర్జన్ గారితో మాట్లాడుకోండి. అమెరికాలో ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన క్యారియర్ల మీద ఒక పెద్ద పరిశోధన చేసి 2019లో ప్రచురించారు. ఇదే ఆయింట్‌మెంటు, లోషను, దాంతో పాటు నోరు పుక్కిలించే మందు నెలకు రెండుసార్లు, ఐదేసి రోజులు, ఆరు నెలలపాటు వాడితే, ఉత్త జాగ్రత్తలు మాత్రమే చెప్పి పంపిన వాళ్లతో పోలిస్తే ఎం.ఆర్.ఎస్.ఏ. ఇన్ఫెక్షన్లు సుమారు 30 శాతం తగ్గాయి. కానీ వాళ్లు ఆసుపత్రిలో పడి లేచినవాళ్లు. మీ నాన్నగారిలా ఇంట్లో దుక్కలా తిరిగేవాళ్లందరికీ ఆరు నెలలు అక్కర్లేదు. సర్జన్ అడిగితే తప్ప మళ్లీ మళ్లీ ముక్కు పరీక్షలు చేయించి టెన్షన్ పడొద్దు. ఎక్కడ వైద్యానికి వెళ్లినా "నాకు ఎం.ఆర్.ఎస్.ఏ. వచ్చింది" అని ఆయన్నే నోరు తెరిచి చెప్పమనండి, అది దాచుకునే విషయం కాదు.

ప్రశ్న: సార్, నేను రొయ్యల గుంట మీద కాపలా, మేత పని చేస్తాను. ఆరు నెలల్లో నాలుగుసార్లు సెగగడ్డలొచ్చినాయి. తొడ మీద, చంకలో, పిర్ర మీద. తర్వాత నా భార్యకి, ఇప్పుడు మా ఐదేళ్ల పాపకి. మా ఊళ్లో ఆర్‌ఎంపీ ప్రతిసారీ సూదేసి మాత్రలిస్తాడు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తాయి. ఒంట్లో వేడంటే మామిడిపళ్లు మానేశాను, కోడికూర మానేశాను. ఈసారి నెల్లూరుకొచ్చి చీము పరీక్ష చేయించాను. ఎం.ఆర్.ఎస్.ఏ. అని రాశారు గానీ రిపోర్టులో మెథిసిల్లిన్ అన్న పేరే లేదు. సెఫాక్సిటిన్ ఆర్, ఎరిత్రోమైసిన్ ఆర్, క్లిండామైసిన్ ఎస్, కోట్రైమాక్సజోల్ ఎస్, డాక్సీసైక్లిన్ ఎస్, లినెజోలిడ్ ఎస్ అని ఉంది. అన్నిట్లోకీ స్ట్రాంగుది ఏదో చెప్పండి, అదే వాడతాను. — అల్లూరు

జవాబు: అబ్బయ్యా, ముందు మామిడిపళ్లు తిను. కోడికూర కూడా. ఎండాకాలంలో చెమట, ఉక్క, తొడలు రాసుకోవడం, తడిబట్టల్లో పని, వీటివల్ల వెంట్రుక మొదట్లో చర్మం చిట్లి క్రిమి దూరుతుంది. మామిడిపళ్లొచ్చేదీ అప్పుడే కాబట్టి నింద వాటి మీద పడింది. ఎన్నేళ్లుగా చెబుతున్నా ఈ నింద పోవట్లేదు, మా ఇంట్లోనే పోలేదు.

ఇక రిపోర్టు. ఆర్ అంటే ఆ మందుకు లొంగదు, ఎస్ అంటే లొంగుతుంది. మెథిసిల్లిన్‌ని ఇప్పుడెవరూ వాడట్లేదు, ల్యాబులో క్రిమిని పెంచే పళ్లెంలో దాని బదులు సెఫాక్సిటిన్ మందున్న చిన్న కాగితం బిళ్ల పెట్టి చూస్తారు. అక్కడ ఆర్ వచ్చిందంటే అదే ఎం.ఆర్.ఎస్.ఏ. ఆ ఒక్క అక్షరానికి అర్థం ఏమిటంటే అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిపిన అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షను, ఇవేవీ దీని మీద పని చేయవు. మన పల్లెల్లో గడ్డకి ఇచ్చేవి దాదాపు ఇవే. మరి సూదేసినప్పుడల్లా తగ్గిందే అంటావు. గడ్డ పండి పగిలి చీము పోయింది, అందుకు తగ్గింది. పేరు సూదికొచ్చింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, ప్రాక్టీసు పెట్టిన కొత్తలో సెగగడ్డ కనిపిస్తే చాలు సెఫలెక్సిన్ లాంటి సెఫలోస్పోరిన్ మందు రాసేవాణ్ణి, కల్చర్‌కి పంపాలని తోచేది కాదు, పేషెంటు తగ్గిందని దండం పెడితే నా మందు గొప్పదనే అనుకునేవాణ్ణి.

దేశంలో 15 పెద్ద ఆసుపత్రులు కలిసి 2008, 2009ల్లో లెక్క తీస్తే, ఓపీ పేషెంట్ల నుంచి తీసిన స్టాఫ్‌లోనే మొదటి ఏడాది 28, రెండో ఏడాది 27 శాతం ఎం.ఆర్.ఎస్.ఏ. తేలింది. ఓపీ, వార్డులు, ఐసీయూలు అన్నీ కలిపితే 41 శాతం. ఇది ఆసుపత్రిలో పడుకున్నవాళ్లకే వచ్చే క్రిమి అన్న రోజులు ఎప్పుడో పోయాయి, నడిచొచ్చి నడిచెళ్లే వాళ్లలోనూ ఉంది.

స్ట్రాంగుది చెప్పమన్నావు. నీ గడ్డకి అన్నిట్లోకీ గట్టి మందు కత్తి. గడ్డ మెత్తబడి లోపల చీము పట్టినాక డాక్టరు మత్తు సూదేసి కోసి, చీమంతా తీసి, పలచని గాజ్ గుడ్డతో కట్టు కట్టాలి. చీము నిండిన గదిలోకి మాత్ర సరిగా చేరదు. అమెరికాలో 2016, 2017ల్లో వచ్చిన పరిశోధనల్లో చీము తీసేసిన వాళ్లలో పదిమందికి ఏడుగురి దాకా ఏ మాత్రా లేకుండానే నయమయ్యారు, మాత్ర కూడా ఇస్తే ఎనిమిది మంది. ఆ తేడా తక్కువేమీ కాదు, అలాగని మాత్రే వైద్యమనుకుంటే పొరపాటు. గడ్డ పెద్దదైనా, చుట్టూ ఎరుపు పాకినా, జ్వరమున్నా, షుగరున్నా, పసిపిల్లలకైనా, ముసలివాళ్లకైనా, నీలాగా తిరగబెడుతున్నా మాత్ర కూడా ఇస్తాం, మామూలుగా 5 నుంచి 10 రోజులు.

ఏ మాత్ర అన్నది నిన్ను చూసిన డాక్టరు తేల్చాలి, పత్రికలో నేను తేల్చేది కాదు. నీ రిపోర్టులో కోట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్ రెండూ పాతవి, చవకవి, పని చేస్తాయి. మొదటిది సల్ఫా మందు, పడనివాళ్లకి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లు అది వేసుకుంటే రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదముంది. రెండోది వేసుకుని గ్లాసెడు నీళ్లు తాగాలి, వెంటనే పడుకోకూడదు, ఎండకి చర్మం కమిలిపోతుంది కాబట్టి గుంట మీద తిరిగే నీకు అది ఇబ్బందే. గర్భిణులకి డాక్సీసైక్లిన్ వద్దు, మీ పాప వయసు పిల్లలకీ మామూలుగా ఇవ్వం. క్లిండామైసిన్ ఎస్ అని ఉన్నా ఎరిత్రోమైసిన్ ఆర్ వచ్చింది కాబట్టి డి-టెస్ట్ చేశారేమో ల్యాబులో అడుగు. ఆ రెండు మందుల బిళ్లలూ పక్కపక్కన పెడితే కొన్ని క్రిముల విషయంలో క్లిండామైసిన్ చుట్టూ క్రిమి పెరగని ఖాళీ ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో వస్తుంది, అంటే అవి పైకి లొంగినట్టు కనిపించి మందు మొదలెట్టాక ఎదురుతిరుగుతాయన్నమాట. లినెజోలిడ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అది మందులకు లొంగని టీబీలో కూడా వాడే మందు, రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. ఇంట్లో గొడ్డలి ఉంది కదా అని కొత్తిమీర దానితో తరగం.

చీము పట్టక ముందే చూసుకుంటే, వేడినీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెడితే చిన్నవి వాటంతటవే తగ్గుతాయి, లేదా త్వరగా పండుతాయి. మా నాయనమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టు వేసేది, నా వీపు మీద ఇప్పటికీ దాని మచ్చ ఉంది. సున్నం చర్మాన్ని కాల్చేస్తుంది, వద్దు. చేత్తో నొక్కడం, పిన్నీసుతో పొడవడం కూడా వద్దు.

ఇక మీ ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి ఎందుకొస్తోందో చూద్దాం. గుంట మీద షెడ్డులో ఒకే మంచం, ఒకే దుప్పటి, డ్యూటీ దిగినవాడు లేవగానే ఎక్కినవాడు పడుకుంటాడు, అవునా? ఇంట్లో దండెం మీద ఒకే తువ్వాలు, ముగ్గురూ దాంతోనే తుడుచుకుంటారు. గడ్డం గీసుకునే బ్లేడు మరొకరికిస్తారు. క్రిమి ప్రయాణం చేసేది వీటి మీదే. ఎవరి తువ్వాలు వాళ్లకి, ఎవరి దుప్పటి వాళ్లకి. బట్టలు వేణ్ణీళ్లలో నానబెట్టి ఉతికి కరకరలాడేలా ఎండబెట్టండి, మన దగ్గర ఎండకి కొదవా. పుండు మానేదాకా కట్టు కట్టే ఉంచు, తీసిన గుడ్డ కవరులో మూటగట్టి చెత్తలో వెయ్యి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో. గోళ్లు తీసెయ్యి. పై ప్రశ్నలో చెప్పిన ఆయింట్‌మెంటు, లోషను కోర్సు మీ ముగ్గురూ ఒకే ఐదు రోజుల్లో చేయండి, పాపకి ఎలా వాడాలో పిల్లల డాక్టరుని అడిగి. ఒకరికే చేస్తే వాళ్లకి పోయింది రెండో వారానికి పక్కవాళ్ల నుంచి మళ్లీ అంటుకుంటుంది. పనిలో పనిగా ఒకసారి షుగరు చూపించుకో, గడ్డలు తిరగబెడుతున్నాయని వచ్చినవాళ్లకి అప్పుడే షుగరు బయటపడటం నేను చాలాసార్లు చూశాను.

ప్రశ్న: నేను ఒంగోలులో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుని, డ్రెస్సింగులన్నీ నేనే చేస్తాను. ఎం.ఆర్.ఎస్.ఏ. పేషెంటు వస్తే అందరూ అయ్యాక చివర్లో పంపమంటారు మా సారు. మొన్న కాలి పుండుతో వచ్చిన పెద్దాయన మధ్యాహ్నం రెండింటి దాకా బయట బల్ల మీద కూర్చున్నారు, షుగరు మనిషి, కళ్లు తిరిగాయి. అంత దూరం పెట్టాలా? నాకు ఇంట్లో ఏడాది బిడ్డ ఉంది, నిజం చెప్పాలంటే నాకూ భయమే. — ఒంగోలు

జవాబు: ఆ పెద్దాయన్ని అలా కూర్చోబెట్టడం తప్పమ్మా. ఇది గాలిలో ఎగిరొచ్చేది కాదు, తాకితే వచ్చేది, ముఖ్యంగా మన చేతుల మీద. కట్టు తడవకుండా, పుండు కప్పి ఉంటే ఆయన అందరి పక్కనా కూర్చోవచ్చు, వరసలోనే రావచ్చు. కట్టు నుంచి రసి కారుతుంటే మాత్రం ముందే లోపలికి పిలిచి కట్టు మార్చి పంపించండి. చివర్లో కాదు, ముందు.

కట్టు విప్పే ముందు గ్లౌజులు, చీము చిందేలా ఉంటే ప్లాస్టిక్ ఏప్రాను. గ్లౌజులు తీశాక చేతులు కడుక్కోవడం మర్చిపోవద్దు, గ్లౌజు వేసుకున్నాం కదా అని అక్కడే తప్పు చేస్తాం. చేతికి మురికి కనిపించకపోతే స్పిరిటు ఉన్న హ్యాండ్ రబ్ 20, 30 సెకన్లు రుద్దితే ఎం.ఆర్.ఎస్.ఏ. చస్తుంది, మరకలుంటే సబ్బూ నీళ్లే. పేషెంటు పడుకున్న బల్ల, రెగ్జిన్ దిండు, బీపీ పట్టీ, ట్రే తుడవాలి. స్టెతస్కోపు సంగతి మీ సారుకి మెల్లగా గుర్తు చెయ్యండి, మా డాక్టర్లం మెడలో వేసుకుని ఊరేగించడమే గానీ తుడిచేది తక్కువ. చేతిలో ఫోనుంటే అదీ అంతే. డ్రెస్సింగు మధ్యలో ఫోనెత్తొద్దు.

బిడ్డ గురించి: చేతులు శుభ్రంగా ఉంటే మీకు భయం లేదు. ఇంటికెళ్లగానే చీర మార్చుకుని, చేతులు కడుక్కుని ఎత్తుకోండి. మీ చేతి మీద తెగిన గాయముంటే అది మానేదాకా కప్పుకుని పని చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. మోచేతి మీద గడ్డ, రిపోర్టు ఎం.ఆర్.ఎస్.ఏ. వార్డెన్ నెల రోజులు తీసుకెళ్లిపొమ్మంటున్నాడు. — పొదిలి

జవాబు: నెల ఎందుకు? పుండు మీద కట్టు నిలుస్తూ, రసి బయటికి రాకుండా ఉంటే క్లాసుకెళ్లొచ్చు. కట్టు ఆగనంతగా కారుతుంటే ఆ రెండు మూడు రోజులు ఇంట్లో ఉంచండి. మానేదాకా కబడ్డీ లాంటి ఒళ్లూ ఒళ్లూ రాసుకునే ఆటలు వద్దు. సొంత బకెట్టు, సొంత తువ్వాలు ఇచ్చి పంపించండి. ఈ నాలుగు మాటలూ మీ డాక్టరు చేత చీటీ మీద రాయించి వార్డెన్‌కివ్వండి, కాగితముంటే వాళ్లకీ ధైర్యం.

ప్రశ్న: గుంటల్లో యాంటీబయాటిక్‌లు చల్లుతారట కదా, రొయ్యలు తింటే ఈ మొండి క్రిమి వస్తుందా? — ఇందుకూరుపేట

జవాబు: బాగా ఉడికిన రొయ్యల కూరలో స్టాఫ్ బతకదు, నిశ్చింతగా తినండి. గుంటల్లో చాలా రకాల యాంటీబయాటిక్‌లు వాడటం నిషేధం, వాటి అవశేషాలు దొరికి ఎగుమతి సరుకు వెనక్కొచ్చిన సందర్భాలున్నాయి. అది వేరే పెద్ద కథ. మీ ప్రాంతం వాళ్లకి నేను చెప్పాల్సింది ఇంకోటుంది. ఉప్పునీళ్లలో రొయ్య ముల్లో చేప ముల్లో గుచ్చుకుని గంటల్లోనే వాచి, భరించలేని నొప్పితో, నల్లటి నీటి బొబ్బలు లేస్తే అది స్టాఫ్ కాకపోవచ్చు, విబ్రియో అనే మరో క్రిమి కావచ్చు. లివరు చెడినవాళ్లకీ, తాగుడున్నవాళ్లకీ, షుగరున్నవాళ్లకీ అది ప్రాణం మీదికి తెస్తుంది. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి.

ప్రశ్న: గ్రానైటు క్వారీలో పని చేస్తాను. పై పెదవి మీద, ముక్కు పక్కన గడ్డ లేచింది. నిన్న దోస్తు గట్టిగా నొక్కి చీము తీశాడు. ఈ రోజు కన్ను కింద వాచింది, చలి జ్వరం. మాత్ర చెప్పండి. — చీమకుర్తి

జవాబు: ఇతను ఫోన్ నంబరు రాశాడు కాబట్టి ఉత్తరం అందిన పూటే మాట్లాడాను, అప్పటికే ఒంగోలులో అడ్మిట్ చేసి సెలైన్‌లో ఇంజక్షన్లు ఇస్తున్నారట, వాపు దిగుతోందన్నాడు. ఇక్కడ వేస్తున్నది మిగతావాళ్ల కోసం. ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉన్న చోట రక్తనాళాలకి కంటి వెనక నుంచి మెదడు దాకా దారి ఉంది, అక్కడ లేచిన గడ్డని ఎవరూ నొక్కకూడదు, మీరూ, దోస్తూ, ఆర్‌ఎంపీ కూడా. గడ్డతో పాటు చలి జ్వరం వచ్చినా, కన్ను వాచినా, ఎరుపు గంట గంటకీ పాకుతున్నా, ఆయాసం వచ్చినా, గడ్డ తగ్గాక కొత్తగా వెన్నునొప్పి, జ్వరం మొదలైనా నాకు ఉత్తరం రాయొద్దు. పత్రిక అచ్చయ్యేసరికి నెలవుతుంది. బండెక్కండి.